పాత వరల్డ్‌లో కట్టిన మండువా లోగిలిని కొత్త వరల్డ్‌లోకి ఎలా తేవాలి? (మైన్‌క్రాఫ్ట్ జావా)

లోగిలి_శీను
మైన్‌క్రాఫ్ట్ అనే బ్లాకుల ఆటలో లాక్‌డౌన్‌లో మొదలుపెట్టిన వరల్డ్ ఇది. అప్పటికి గేమ్ వెర్షన్ 1.16 నడుస్తోంది. అందులో మా అమ్మమ్మ వాళ్ల ఊరి ఇంటి తరహాలో మండువా లోగిలి కట్టాను. చుట్టూ వసారా, మధ్యలో ఆకాశం కనపడే మండువా, అందులో తులసికోట, చిన్న నీళ్ల తొట్టి, పెరట్లో నుయ్యి, కింద ఒక నేలమాళిగ. పెంకులన్నీ ఇటుక మెట్ల బ్లాకులతో పేర్చినవే.

ఇప్పుడు కజిన్స్ అందరం కలిసి 1.21లో కొత్త వరల్డ్ పెడుతున్నాం. ఈ ఇల్లు అందులోకి రావాలి. కట్టడాన్ని ఫైల్‌గా దాచే స్ట్రక్చర్ బ్లాక్‌తో సేవ్ చేద్దామంటే సైజు దగ్గరే ఆగిపోతోంది, ఇల్లు వెడల్పే 70 బ్లాకుల పైన ఉంది. మళ్లీ మొదటి నుంచి కట్టే ఓపిక మాత్రం లేదు. దారి చెప్పండి.

క్రీపర్_బాబాయ్
స్ట్రక్చర్ బ్లాక్‌కి ఒక్కో వైపు 48 వరకే. ముందు 32 ఉండేది, 1.16లోనే పెంచారు, అదే సంతోషం అనుకో. నాలుగు ముక్కలు చేసి సేవ్ చెయ్యి. వరల్డ్ ఫోల్డర్‌లో జనరేటెడ్ అని ఒక ఫోల్డర్ పుడుతుంది. దాన్ని కొత్త వరల్డ్ ఫోల్డర్‌లో పడేసి ఒక్కో ముక్కా లోడ్ చేసుకో. మాడ్స్ (గేమ్‌కి తగిలించే అదనపు ప్రోగ్రాములు) ఏమీ అక్కర్లేదు.

ఎండర్‌పెరల్_ఎల్లయ్య
నాలుగు ముక్కలు అతికేసరికి మధ్యలో ఒక వరుస బ్లాకులు మిస్సయి, ఇల్లు అన్నదమ్ముల పంపకాలు అయినట్టు ఉంటుంది.

పిక్సెల్_పంతులు
కట్టడాలు కాపీ, పేస్ట్ చేసే వరల్డ్‌ఎడిట్ మాడ్ ఉండగా ముక్కలు కొయ్యడం దేనికి? మాడ్స్‌ని నడిపే ఫ్యాబ్రిక్ వేసుకుని, మాడ్స్ ఫోల్డర్‌లో వరల్డ్‌ఎడిట్ పెట్టుకుంటే సింగిల్ ప్లేయర్‌లోనే పని అయిపోతుంది. ఈ సైజు ఇల్లు దానికి లెక్కే కాదు.

ముందు పాత వరల్డ్ ఫోల్డర్ మొత్తం ఇంకోచోట కాపీ తీసి పెట్టు. ఆ కాపీనే 1.21లో తెరువు. 1.16లో సేవ్ చేసిన ఫైల్‌ని తెచ్చి 1.21లో పేస్ట్ చేద్దామని చూడకు. మధ్యలో చాలా మారాయి. గ్రాస్ పాత్ పేరు 1.17లో డర్ట్ పాత్ అయింది. పెట్టెల్లో సామాను వివరాలు రాసుకునే పద్ధతే 1.20.5లో మారింది. వరల్డ్ తెరిచేటప్పుడు ఇవన్నీ గేమే సర్దుకుంటుంది. ఆ పని దానికే వదిలెయ్యి. ఎడిట్ మెనూలో ఆప్టిమైజ్ వరల్డ్ అని ఉంటుంది, అది కొడితే నువ్వు తిరిగిన చంక్‌లన్నీ (16 బ్లాకుల చదరపు నేల ముక్కలు) ఒకేసారి కొత్త వెర్షన్‌కి వచ్చేస్తాయి.

తర్వాత చెక్క గొడ్డలి చేతిలోకి తీసుకుని ఒక మూల ఎడమ క్లిక్, ఎదురు మూల కుడి క్లిక్. నేలమాళిగ అడుగు నుంచి కప్పు కొస దాకా లోపల పడాలి. ఇక్కడే అందరూ తికమక పడతారు: కాపీ కమాండ్ కొట్టినప్పుడు నువ్వు నిలబడ్డ చోటే దానికి కొలత. అందుకని వీధి గడప మీద నిలబడి కాపీ కొట్టు, స్కెమాటిక్‌గా, అంటే కట్టడం నకలు ఫైల్‌గా, సేవ్ చెయ్యి. కొత్త వరల్డ్‌లో లోడ్ చేసి, గడప ఎక్కడ రావాలో సరిగ్గా అక్కడ నిలబడి పేస్ట్ కొట్టు. నచ్చకపోతే అన్‌డూ ఉంది. ఇల్లు తిప్పాలంటే పేస్ట్‌కి ముందే రొటేట్ 90.

క్రీపర్_బాబాయ్
పంతులు గారూ, రొటేట్ గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. తూర్పు వాకిలిని 90 తిప్పితే దక్షిణ వాకిలి అవుతుంది. శీను వాళ్ల అమ్మమ్మ ఒప్పుకోదు. 270 కొట్టు శీనూ, ఉత్తరం వస్తుంది.

ఎండర్‌పెరల్_ఎల్లయ్య
వరల్డ్‌ఎడిట్‌లో వాస్తు ఆప్షన్ ఇంకా రాలేదు.

రెడ్‌స్టోన్_రత్తాలు
నా మాట వేరు. కజిన్స్‌తో సర్వైవల్ (అన్నీ తవ్వి సంపాదించుకునే ఆట) ఆడబోతూ మొదటి రోజే మహల్ దింపేస్తే ఇక ఆడటానికి ఏముంది? లైట్‌మాటికా అనే మాడ్ వాడు. ఇంటిని స్కెమాటిక్‌గా సేవ్ చేసుకుంటే, కొత్త వరల్డ్‌లో ఇల్లు మొత్తం నీడలా, గాజు బొమ్మలా కనపడుతుంది. దాని మీద బ్లాక్ బై బ్లాక్ నువ్వే పెట్టుకుంటూ పోవచ్చు. ఇంటి రూపం, కొలతలు పాతవే. కట్టింది మాత్రం కొత్తగా, నలుగురూ కలిసి.

వాడటం కష్టమేం కాదు. ఫ్యాబ్రిక్, లైట్‌మాటికా, అది నడవడానికి తోడు మాలిలిబ్ అనే మాడ్ ఉండాలి. చేతిలో కర్ర పుల్ల పట్టుకుంటే అదే టూల్. ఎమ్ నొక్కితే మెనూ. మెటీరియల్ లిస్ట్ తెరిస్తే ఏ బ్లాక్ ఎన్ని కావాలో, నీ దగ్గర ఎన్ని ఉన్నాయో చూపిస్తుంది. పేజ్ అప్, పేజ్ డౌన్‌తో ఒక్కో వరుసే చూసుకుంటూ కట్టొచ్చు. వెరిఫయర్ అని ఇంకోటి ఉంది. మెట్టు బ్లాక్ తూర్పుకి బదులు పడమరకి తిరిగి ఉన్నా పట్టేసుకుంటుంది.

లోగిలి_శీను
రత్తాలక్కా, ఆ పెంకుల కప్పు మళ్లీ పేర్చాలంటే ఎంత ఇటుక కావాలో నీకు తెలుసు కదా.

రెడ్‌స్టోన్_రత్తాలు
తెలుసు కాబట్టే చెబుతున్నా. క్రాఫ్టింగ్ టేబుల్ మీద మెట్లు చేస్తే 6 బ్లాకులకి 4 మెట్లే వస్తాయి, దండగ. స్టోన్‌కట్టర్‌లో పెడితే బ్లాక్‌కి మెట్టు. మట్టి తవ్వి కాల్చే ఓపిక లేకపోతే మేసన్ విలేజర్ (గేమ్‌లోని తాపీ మేస్త్రీ) ఒక పచ్చకి 10 ఇటుకలు అమ్ముతాడు. ఒక కజిన్‌ని కర్రలు అమ్మి పచ్చలు సంపాదించే పనిలో పెట్టు, ఒకడిని ఇటుకల మీద పెట్టు. వారాంతంలో కప్పు లేస్తుంది.

ఎండర్‌పెరల్_ఎల్లయ్య
కజిన్‌ని మేస్త్రీ కింద కూలికి పెడితే పండక్కి ఇంటికి రానివ్వరు.

ఓవర్‌వరల్డ్_ఓబులేసు
అందరూ ఇల్లు ఎలా మోసుకెళ్లాలో చెబుతున్నారు. అసలు మొయ్యడం ఎందుకని ఎవరూ అడగలేదు.

శీనూ, నీకు కావాల్సింది కొత్త కొండలు, చెర్రీ తోటలు, కొత్త గుహలే కదా? పాత వరల్డ్‌నే 1.21లో తెరిచి, ఎప్పుడూ వెళ్లని వైపు వెళ్లు. అడుగుపెట్టని చంక్‌లన్నీ కొత్త పద్ధతిలోనే పుడతాయి. 1.18లో ఎత్తు 256 నుంచి 384కి పెంచినప్పుడే పాత నేలకీ కొత్త నేలకీ మధ్య అతుకు కనపడకుండా కలిపే ఏర్పాటు చేశారు. నీ ఇంటి కింద కూడా సున్నా మట్టానికి దిగువన కొత్త రాతి పొరలు తయారవుతాయి. కజిన్స్‌ని ఆ వరల్డ్‌కే పిలువు. ఇల్లు ఉన్నచోటే ఉంటుంది, పెట్టెలు, పటాలు, మ్యాపులు ఏవీ కదలవు. మా బ్యాచ్ అందరం అలాగే ఆడుతున్నాం.

లోగిలి_శీను
ఓబులేసన్నా, అది ఆలోచించాను. మావాళ్లు ఒప్పుకోరు. పాత వరల్డ్‌లో నా దగ్గర ఎలిట్రా (ఎగిరే రెక్కలు) ఉంది, బీకన్లు ఉన్నాయి, డ్రాగన్ ఎప్పుడో చచ్చింది. వాళ్లు వచ్చి నా ఇంట్లో చుట్టాల్లా కూర్చోవాలి. అందరం సున్నా నుంచి మొదలుపెట్టాలని ఒప్పందం. ఇల్లొక్కదానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు, అది కూడా పెట్టెలు ఖాళీగా వస్తేనే.

పనిలో పని, మ్యాపులు అన్నావు కాబట్టి అడుగుతున్నా. హాల్లో గోడ మీద తాతయ్య బొమ్మ ఉంది. రంగు బ్లాకులు నేల మీద పరిచి మ్యాప్ తీసి, నాలుగు ఫ్రేముల్లో పెట్టినది. అది వస్తుందా?

పిక్సెల్_పంతులు
మంచి ప్రశ్న. మామూలుగా కాపీ కొడితే రాదు.

ఫ్రేములు, పెయింటింగులు, ఆర్మర్ స్టాండులు, ఆవులు, విలేజర్లు, ఇవి జావాలో బ్లాకుల కిందకి రావు. ఎంటిటీలు. వరల్డ్‌ఎడిట్‌లో కాపీకీ పేస్ట్‌కీ రెండిటికీ మైనస్ ఈ (-e) తగిలించాలి. స్ట్రక్చర్ బ్లాక్‌లో అయితే ఇన్‌క్లూడ్ ఎంటిటీస్ ఆన్ చెయ్యాలి. అలా చేస్తే ఫ్రేమూ, అందులోని మ్యాపూ వస్తాయి.

కానీ మ్యాప్ మీది బొమ్మ మ్యాప్‌లో ఉండదు! మ్యాప్ అంటే ఒక నంబర్, అంతే. బొమ్మ వరల్డ్ ఫోల్డర్‌లో డేటా అనే ఫోల్డర్‌లో, ఆ నంబర్ పేరుతో ఉన్న ఫైల్‌లో ఉంటుంది. నీ తాతయ్య 12, 13, 14, 15 నంబర్లు అనుకో. కొత్త వరల్డ్‌కి వెళ్లాక ఫ్రేము 12వ నంబర్ బొమ్మ ఏదని వెతుకుతుంది. అక్కడ అలాంటిది లేకపోతే ఖాళీ. ఉంటే మరీ ఘోరం, మీ కజిన్ తీసిన చిత్తడి నేల మ్యాప్ తాతయ్య నుదుటి స్థానంలో వచ్చి కూర్చుంటుంది.

చెయ్యాల్సింది: కొత్త వరల్డ్‌లో ఎవరూ ఒక్క మ్యాప్ కూడా తియ్యకముందే, పాత డేటా ఫోల్డర్‌లోని ఆ మ్యాప్ ఫైళ్లూ, నంబర్ల లెక్క రాసే ఐడీకౌంట్స్ అనే ఫైలూ కొత్త డేటా ఫోల్డర్‌లో పెట్టు. గేమ్ మూసి ఉన్నప్పుడు చెయ్యి. అప్పుడు కొత్త మ్యాపులు 16 నుంచి మొదలవుతాయి. ఇంకోటి, కార్టోగ్రఫీ టేబుల్ మీద గాజు పలకతో ఆ మ్యాపుల్ని లాక్ చేశావా? చెయ్యకపోతే పాత వరల్డ్‌లోనే చేసి, ఆ కొత్త కాపీల్నే ఫ్రేముల్లో పెట్టి తీసుకురా. లాక్ చేస్తే కొత్త నంబర్ వస్తుంది, ఫైళ్లు చూసుకునేటప్పుడు అది గుర్తుంచుకో. లాక్ లేకపోతే ఎవడో ఆ మ్యాప్ చేత్తో పట్టుకుని ఆ చుట్టుపక్కలే తిరిగినప్పుడు తాతయ్య మీద చెట్లు మొలుస్తాయి.

క్రీపర్_బాబాయ్
"తాతయ్య మీద చెట్లు మొలుస్తాయి." ఈ మాటకి పంతులు గారికి ఒక వజ్రం.

లోగిలి_శీను
లాక్ చెయ్యలేదు. ఇప్పుడే చేస్తున్నా.

పిల్లాడి_అమ్మ
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. పాత ట్యాబ్‌లో మైన్‌క్రాఫ్ట్‌లో ఏదో పెద్ద రైలు స్టేషన్ కట్టాడు. ట్యాబ్ స్క్రీన్ సగం పోయింది. కొత్త ఫోన్‌లో గేమ్ వేసి, అదే అకౌంట్ పెట్టినా స్టేషన్ రావడం లేదు. రెండు రోజులుగా అన్నం దగ్గర కూడా అదే గొడవ. పైన మీరు చెప్పినవేవీ వాడి గేమ్‌లో కనపడటం లేదు. మేం ఏం చెయ్యాలి?

రెడ్‌స్టోన్_రత్తాలు
అక్కా, ముందు ఆ ట్యాబ్‌లోంచి గేమ్‌ని అన్‌ఇన్‌స్టాల్ చెయ్యకండి, దానితో పాటు వరల్డ్ కూడా పోయే ప్రమాదం ఉంది. మీ వాడిది బెడ్‌రాక్ వెర్షన్, ఫోన్లు, ట్యాబ్‌లలో నడిచేది. అందులో వరల్డ్ ఆ పరికరంలోనే ఉంటుంది, అకౌంట్ పెట్టినంత మాత్రాన దానంతట అది రాదు.

మీకు ఇల్లో స్టేషనో విడిగా తియ్యక్కర్లేదు, వరల్డ్ మొత్తం తీసుకెళ్లొచ్చు. ట్యాబ్‌లో గేమ్ తెరిచి, ఆ వరల్డ్ పేరు పక్కన పెన్సిల్ గుర్తు నొక్కండి. సెట్టింగుల్లో కిందికి వెళ్తే ఎక్స్‌పోర్ట్ వరల్డ్ ఉంటుంది. ఎంసీవరల్డ్ అనే ఫైల్ వస్తుంది. దాన్ని డ్రైవ్‌లోనో మెయిల్‌లోనో పెట్టుకుని కొత్త ఫోన్‌లో దించుకోండి. ఆ ఫైల్ మీద నొక్కితే మైన్‌క్రాఫ్ట్‌తో తెరవమంటారా అని అడుగుతుంది. అంతే.

పిల్లాడి_అమ్మ
స్క్రీన్ కింది సగమే పోయింది. ట్యాబ్ తిప్పి పట్టుకుంటే బటన్ పనిచేసే వైపుకి వచ్చింది. ఫైల్ పంపాను. వచ్చేసింది! వాడు ఇప్పుడు రైల్లో తిరుగుతున్నాడు, నన్ను కూడా ఎక్కమంటున్నాడు. చాలా థాంక్స్ అమ్మా.

ఎండర్‌పెరల్_ఎల్లయ్య
ఈ చర్చలో ఇప్పటిదాకా పని అయిన వాళ్లు ఈవిడ ఒక్కరే.

ఫోన్_ప్లేయర్_99
నేను కూడా బెడ్‌రాకే. వరల్డ్ మొత్తం కాదు, కట్టిన కోట ఒక్కటే ఇంకో వరల్డ్‌కి కావాలి. స్ట్రక్చర్ సేవ్ కమాండ్‌తో డిస్క్‌లో సేవ్ చేశా, ఇంకో వరల్డ్‌లో లోడ్ అంటే అలాంటిది లేదంటోంది.

పిక్సెల్_పంతులు
అక్కడ డిస్క్ అంటే ఆ వరల్డ్ లోపలే అని అర్థం. బయటికి రాదు. విండోస్ వెర్షన్ ఉన్న ఫ్రెండ్ దగ్గరికి నీ వరల్డ్ ఫైల్ పంపు. అక్కడ స్ట్రక్చర్ బ్లాక్‌లో ఎక్స్‌పోర్ట్ కొడితే ఎంసీస్ట్రక్చర్ ఫైల్ వస్తుంది. దాన్ని ఒక బిహేవియర్ ప్యాక్‌లో (వరల్డ్‌కి తగిలించే ఫైళ్ల కట్ట) స్ట్రక్చర్స్ అనే ఫోల్డర్‌లో పెట్టి, ఆ ప్యాక్‌ని కొత్త వరల్డ్‌కి తగిలిస్తే లోడ్ కమాండ్ పనిచేస్తుంది. బెడ్‌రాక్‌లో ఒక్కో సేవ్ పొడవు, వెడల్పు 64 దాకా వస్తుంది, జావా కంటే నయం. చీట్స్ ఆన్ చేస్తే ఆ వరల్డ్‌లో అచీవ్‌మెంట్లు ఇక రావు, అది చూసుకో.

ఇది కాకుండా కంప్యూటర్ మీద అమ్యూలెట్ అనే ఎడిటర్ ఉంది. జావా, బెడ్‌రాక్ రెండూ తెరుస్తుంది. ఒకదాంట్లో కాపీ, ఇంకోదాంట్లో పేస్ట్. గోడలు, కప్పులు బాగానే వస్తాయి. మనుషులు, జంతువుల మీద ఆశ పెట్టుకోవద్దు.

రెడ్‌స్టోన్_రత్తాలు
రెడ్‌స్టోన్ మీద కూడా. జావాలో పిస్టన్ తలుపులు కొన్ని అక్కడి గేమ్ వింత మీద ఆధారపడి నడుస్తాయి. పిస్టన్ పక్కన కాకుండా పైనున్న ఖాళీకి కరెంట్ ఇచ్చినా కదులుతుంది. బెడ్‌రాక్‌లో ఆ వింత లేదు. బ్లాకులన్నీ అచ్చుగుద్దినట్టు వచ్చినా తలుపు మాత్రం మొండికేస్తుంది.

గోపురం_గిరి
లైట్‌మాటికా సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మీది మీరు మోసుకెళ్తే ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ ఆ మాడ్ కంటికి కనపడే ఏ బిల్డ్‌నైనా సేవ్ చేస్తుంది, సర్వర్ వాళ్ల అనుమతి కూడా అడగదు.

ఒక సర్వర్‌లో మేం నలుగురం కలిసి గాలిగోపురం కట్టాం. కొన్నాళ్లకి వేరే సర్వర్‌లో స్పాన్ (ఆటగాళ్లు మొదట దిగే చోటు) దగ్గర అదే గోపురం నిలబడి ఉంది. మాదే అని ఎలా తెలిసిందంటే, రెండో అంతస్తు వెనక ఎవరూ చూడని మూలలో నేను పెట్టిన సైన్ బోర్డు కూడా వచ్చేసింది, దాని మీద మా నలుగురి పేర్లతో సహా. తీసినవాడు చూసుకోలేదు. అక్కడి అడ్మిన్‌కి చూపిస్తే "నెట్‌లో దొరికింది" అన్నాడు. పేర్లు చెరిపేశాడు, గోపురం అలాగే ఉంచాడు.

పిక్సెల్_పంతులు
సైన్ మీద రాత మీ కంప్యూటర్‌కి వస్తుంది కాబట్టి అది వచ్చింది. పెట్టెల్లో సామాను మాత్రం తెరిచినప్పుడే సర్వర్ పంపుతుంది. అందుకే సర్వర్‌లో తీసిన స్కెమాటిక్‌లో పెట్టెలన్నీ ఖాళీగా ఉంటాయి. దొంగకి కూడా వజ్రాలు దొరకవు.

గోపురం_గిరి
వజ్రాలు పోతే తవ్వుకుంటాం పంతులు గారూ. ఆ గోపురం శిఖరం కొలతలు కుదరడానికి ఎంత కొట్టుకున్నామో మాకు తెలుసు.

ఓవర్‌వరల్డ్_ఓబులేసు
గిరి చెప్పింది నిజం. నెట్‌లో స్కెమాటిక్‌లు పంచుకునే సైట్లలో కట్టినవాళ్లు ఇష్టంగా పెట్టినవే వేలల్లో ఉన్నాయి. అడిగి తీసుకోవడానికి అడ్డేముంది?

క్రీపర్_బాబాయ్
సైన్ బోర్డు చిట్కా మాత్రం గొప్పగా ఉంది. ఇక నుంచి నా ప్రతి బిల్డ్‌లో ఒకటి దాస్తా.

లోగిలి_శీను
అప్‌డేట్. సగం విజయం. పంతులు గారు చెప్పినట్టే గడప మీద నిలబడి కాపీ కొట్టాను, కొత్త వరల్డ్‌లో పేస్ట్ కొట్టాను. తాతయ్య చెక్కు చెదరకుండా వచ్చాడు. పెట్టెలు ఖాళీ చేశాకే కాపీ తీశాను, కజిన్స్ ముందే వీడియో కాల్‌లో చూపించి మరీ.

సమస్య ఏంటంటే, కొండ వాలు మీద పెట్టాను కదా, ఇంటి చుట్టూ పెట్టె ఆకారంలో కొండ కోసేసినట్టు అయింది. అన్‌డూ చేసి, ఎక్కడో చదివి మైనస్ ఏ (-a) పెట్టి మళ్లీ పేస్ట్ చేశా. ఈసారి కొండ బాగుంది, నేలమాళిగ నిండా రాళ్లు.

పిక్సెల్_పంతులు
రెండూ సహజమే. కాపీలో గాలి కూడా ఒక బ్లాకే. మైనస్ ఏ లేకపోతే ఆ గాలి కొండని తినేస్తుంది. పెడితే గాలిని వదిలేస్తుంది, కాబట్టి నేలమాళిగలో ఉన్న రాయి అలాగే ఉండిపోతుంది. రెండు ముక్కలుగా సేవ్ చెయ్యి: నేల మట్టానికి కింది భాగం గోడల దాకా బిగించి విడిగా, పై భాగం విడిగా. రెండిటికీ అదే గడప మీద నిలబడు. కిందిది గాలితో సహా పేస్ట్, పైది మైనస్ ఏ తో పేస్ట్.

రెడ్‌స్టోన్_రత్తాలు
పై గదుల్లోకి కొండ చొచ్చుకొస్తే అదీ పాడవుతుంది పంతులు గారూ. వాలు మీద ఇల్లంటే ముందు నేల చదును చెయ్యాలి. మన ఊళ్లో అయినా అంతే కదా. పునాది వేసే చోట నాలుగు బ్లాకుల వెడల్పు ఎక్కువే చదును చేసుకుని, అప్పుడు మొత్తం గాలితో సహా ఒకేసారి దించు. తర్వాత అంచులు చేత్తో మట్టి వేసి కలుపు. ముక్కలు అక్కర్లేదు.

పిక్సెల్_పంతులు
చదును చెయ్యడం కూడా వరల్డ్‌ఎడిట్‌తోనే చేస్తే ఒప్పుకుంటా.

రెడ్‌స్టోన్_రత్తాలు
పార ఉంది కదా.

చంక్_చంద్రం
ఇంకో దారి ఎవరూ చెప్పలేదు. ఎంసీఏ సెలెక్టర్ అని ఒక టూల్ ఉంది. వరల్డ్‌ని పైనుంచి మ్యాప్‌లా చూపిస్తుంది. కావాల్సిన చంక్‌లు ఎంచుకుని, ఇంకో వరల్డ్‌లో దించొచ్చు. ఇల్లే కాదు, పెరడు, చెరువు, కింద ఉన్న గుహలు అన్నీ ఉన్నవున్నట్టు వస్తాయి. ఊరు ఊరే మార్చాలంటే ఇదే సులువు.

ఇబ్బందులూ ఉన్నాయి. 16 బ్లాకుల లెక్కనే జరుగుతుంది, ఇల్లు తిప్పడం కుదరదు. అంచుల్లో నేల నిట్టనిలువుగా తెగి గోడలా నిలబడుతుంది. అదే సీడ్ (వరల్డ్ నేల రూపాన్ని నిర్ణయించే నంబర్) పెట్టుకుంటే అతుకుతుందిలే అనుకుంటారు కొందరు. 1.18లో నేల పుట్టే పద్ధతే మారింది. 1.16 సీడ్ 1.21లో వేస్తే కొండ ఉన్నచోట సముద్రం రావొచ్చు.

ఓవర్‌వరల్డ్_ఓబులేసు
చంక్‌లు మోసే వాళ్లకి ఒక హెచ్చరిక. స్లైమ్ ఫార్మ్ (స్లైమ్ అనే జీవులు పుట్టే చోట కట్టేది) మొయ్యకండి. స్లైమ్‌లు ఏ చంక్‌లో పుట్టాలో సీడ్ నిర్ణయిస్తుంది, కట్టడం కాదు. గార్డియన్ ఫార్మ్ అయితే సముద్రంలో మాన్యుమెంట్ ఉండాల్సిందే. నెదర్ అనే ఇంకో లోకానికి దారి తీసే పోర్టల్ కూడా అంతే. కొత్త చోట కొత్త జోడీ వెతుక్కుంటుంది, ఇక్కడి 8 బ్లాకులకి అక్కడ 1 లెక్కన.

లోగిలి_శీను
రత్తాలక్క పద్ధతే చేశా. నేల చదును చేసి మొత్తం ఒకేసారి. పార కాదు, వరల్డ్‌ఎడిటే, క్షమించు. ఇల్లు బ్రహ్మాండంగా కూర్చుంది. వరల్డ్‌ని కజిన్ వాళ్ల సర్వర్‌లోకి ఎక్కించాం.

ఇప్పుడు కొత్త చిక్కు. పొద్దున చూస్తే మండువాలో మంచు! తొట్టిలో నీళ్లు గడ్డకట్టాయి. పెంకుల మీద తెల్లగా పొర. కోస్తా జిల్లా ఇల్లు కాశ్మీర్‌లో ఉన్నట్టు ఉంది.

ఎండర్‌పెరల్_ఎల్లయ్య
అమ్మమ్మకి స్వెట్టర్ కూడా స్కెమాటిక్‌లో పెట్టాల్సింది.

పిక్సెల్_పంతులు
ఇల్లు మంచు బయోమ్‌లో, అంటే మంచు వాతావరణం ఉండే ప్రాంతంలో, పడింది. మామూలుగా కాపీలో బయోమ్ రాదు. వరల్డ్‌ఎడిట్‌లో కాపీకీ పేస్ట్‌కీ మైనస్ బీ పెడితే వస్తుంది. ఇప్పుడు మళ్లీ పేస్ట్ అక్కర్లేదు. 1.19.3 నుంచి గేమ్‌లోనే ఫిల్‌బయోమ్ అనే కమాండ్ ఉంది. ఇల్లు ఉన్న మేర ప్లెయిన్స్ (మైదానం) చెయ్యి. గడ్డి, ఆకుల రంగు కూడా దాన్నిబట్టే మారుతుంది. ఒకేసారి 32768 బ్లాకులు దాటితే ఒప్పుకోదు, ముక్కలుగా కొట్టు.

రెడ్‌స్టోన్_రత్తాలు
కమాండ్ లేకుండా కూడా కుదురుతుంది. తొట్టి దగ్గర దీపం పెట్టు. పక్కన వెలుతురు బాగా ఉంటే నీళ్లు గడ్డకట్టవు, మంచు పేరుకోదు. తులసికోటలో లాంతరు ఉందా?

లోగిలి_శీను
ఉండేది. కొవ్వొత్తి పెడదామని 1.17 వచ్చాక తీసేశాను, మళ్లీ పెట్టనే లేదు.

రెడ్‌స్టోన్_రత్తాలు
ఒక్క కొవ్వొత్తి వెలుగు 3 మాత్రమే, నాలుగు కలిపి పెట్టినా 12. లాంతరు 15. లాంతరే పెట్టు.

లోగిలి_శీను
రెండూ చేశా. కప్పు మీది మంచు చీపురుతో కాదు, పారతోనే తీశాం అక్కా, ఈసారి నిజంగానే.

గోపురం_గిరి
శీనూ, అడుగుతున్నా కాబట్టి చెప్పు. స్కెమాటిక్ పంచుతావా? నా వరల్డ్‌లో గోపురం ముందు అగ్రహారం వీధి కడుతున్నా. నీ ఇంటి వసారా స్తంభాలు కావాలి.

లోగిలి_శీను
తప్పకుండా. తాతయ్య ఫ్రేములు తీసేసి రేపు పెడతా. పెరటి నూతి గోడ లోపల ఒక సైన్ బోర్డు ఉంటుంది, అది మాత్రం తియ్యకు.